ఇంటి ఫోనుకు ఎవరి అనుమతి?

మా ఇంట్లో ఒక ఫోను ఉంది. దానికి సొంతదారు లేడు. నాయన దాన్ని ‘నా ఫోను’ అంటాడు, వదిన ‘ఇంటి ఫోను’ అంటుంది. మగ్గం పక్కన గోడ గూట్లో, ఛార్జరు వైరుకు కట్టేసిన మేకపిల్లలా అక్కడే పడి ఉంటుంది. నాయన అందులో పట్టు రేట్లు చూస్తాడు, వాన వస్తుందో రాదో చూస్తాడు. రాదనే చూపిస్తుంది, ఆయన దాన్ని తిడతాడు. వదిన కదిరి దగ్గర ఉన్న పుట్టింటివాళ్ళతో మాట్లాడుకుంటుంది, వంటల వీడియోలు పెట్టుకుంటుంది. అన్నకు వేరే ఫోను ఉంది. చీరలు పట్టుకుని షాపుల చుట్టూ తిరిగే మనిషి కాబట్టి అది ఎప్పుడూ ఆయన జేబులోనే ఉంటుంది.

నేను బెంగళూరులో ఉద్యోగం వదిలేసి ధర్మవరం వచ్చేసినప్పుడు వీధిలో అందరూ నన్ను జాలిగా చూశారు. వాళ్ళ జాలి వాళ్ళ దగ్గరే పెట్టుకోమని, నేను మిద్దె మీద గదిలో కూర్చుని నేతపనివాళ్ళ కోసం ఒక యాప్ తయారు చేశాను. బార్డరు డిజైన్లు, పట్టు రేట్లు, పెళ్ళి ముహూర్తాలు అన్నీ అందులో ఉంటాయి. ముహూర్తాలు ఎందుకంటే, పెళ్ళిళ్ళు ఎప్పుడు జోరుగా ఉంటాయో తెలిస్తే మగ్గం మీద ఏ రంగు పడుగు ఎక్కించాలో ముందే అనుకోవచ్చు. యాప్ ఉచితం. అడుగున చిన్న ప్రకటన ఒకటి వస్తూ ఉంటుంది, ఆ ప్రకటనలే దాన్ని నడుపుతాయి. ఎవరి దగ్గరా చెయ్యి చాపకుండా బతకొచ్చని నా ధీమా.

ఒకరోజు ప్రకటనల కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఇకమీదట ప్రకటన చూపించే ముందు ప్రతి మనిషినీ అడగాలట. నువ్వు ఫోనులో ఏం వెతుకుతున్నావో, ఏం చూస్తున్నావో గమనించి దానికి తగిన ప్రకటనలు చూపించమంటావా, వద్దంటావా అని. అడగకపోతే ప్రకటనలు ఆపేస్తామన్నారు. అడగడం మంచిదేగా అనుకున్నాను. నిజంగానే సంతోషించాను. ఇన్నాళ్ళూ అడక్కుండా చేసిన పనిని ఇప్పుడు అడిగి చేస్తామంటున్నారు, ఎవరికి చేదు?

అడిగే పద్ధతి చూశాక మాత్రం ఒళ్ళు మండింది. కంపెనీవాళ్ళే తయారుచేసి ఇచ్చిన పెట్టె అది. తెర మీద తేలుతుంది, జవాబు చెప్పేదాకా కదలదు. అందులో తెలుగు ఎలా ఉందంటే, ‘మీ యొక్క దత్తాంశమును ప్రక్రియ చేయుట కొరకు మా భాగస్వాములకు సమ్మతిని మంజూరు చేయుడి’ అని. ఇది చదివి అర్థమైందన్న మనిషి ఉంటే తీసుకురండి, దండేసి ఊరేగిస్తాను. పైగా ‘సమ్మతి’ బటన్ పచ్చగా, అరచేయంత ఉంది. ‘వద్దు’ ఎక్కడుందయ్యా అని వెతికితే అడుగున, బూడిదరంగులో, చీమతలకాయంత ఉంది. పచ్చబటన్ పెద్దదిగా పెట్టుకుంటే ఎక్కువమంది ఒప్పుకుంటారని పక్కనే సలహా కూడా ఇచ్చారు. అడిగినట్టూ ఉండాలి, అడగనట్టూ ఉండాలి! ఇంత తెలివి పెట్టే బదులు వద్దనే బటన్ తీసేస్తే సరిపోయేది కదా.

నేను కూర్చుని ఆ మాటలన్నీ తిరగరాశాను. ‘ఈ ఫోనులో మీరు వెతికేవి, చూసేవి గమనించి, దాన్నిబట్టి మీకు ప్రకటనలు చూపించమంటారా? వద్దన్నా యాప్ మామూలుగానే పనిచేస్తుంది’ అని పెట్టాను. సరే, వద్దు – రెండు బటన్లూ ఒకే రంగు, ఒకే సైజు. ఆ ‘మీరు’ అనే మాట రాసేటప్పుడు నాకు ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు. ఫోను అంటే ఒక మనిషి, మనిషి అంటే ఒక ఫోను. బెంగళూరులో అందరం అలాగే బతికాం మరి.

పరీక్షకు ఇంటి ఫోనే తీసుకున్నాను. ఇలాంటి పెట్టెను ఊరికే ఒకసారి చూసి వదిలేయకూడదు. ఇచ్చిన జవాబు చెరిపేసి, మళ్ళీ కొత్తగా అడుగుతుందా, ప్రకటన రాకముందే అడుగుతుందా, వద్దంటే నిజంగా మానుకుంటుందా అని పదేపదే చూడాలి. కాబట్టి ఆ కొన్ని రోజులూ నాయన యాప్ తెరిచినప్పుడల్లా ఆ పెట్టె ఎదురొచ్చేది. ఆయన చదివేవాడు కాదు. బొటనవేలితో ‘సరే’ మీద గట్టిగా, గోడకు మేకు కొట్టినట్టు ఒత్తేవాడు.

“ఏందిమ్మా ఇది, పొద్దున అడిగె, మళ్ళా అడుగుతాండాది! ఒగసారి మాటిచ్చినాక మళ్ళా మళ్ళా అడిగితే మనల్ని అనుమానించినట్ల కాదా?” అని నా మీద గయ్యిమన్నాడు.

“చదివి ఒత్తు నాయనా. వద్దనొచ్చు కూడా,” అన్నాను.

“ఇంటికొచ్చి అడిగినోళ్ళకి వద్దని యాడన్నా చెప్తారా! మర్యాద కాదు,” అన్నాడు.

మా ఇంటి పద్ధతి అది. మా ఇల్లే కాదు, మా వీధిలో ఏ ఇల్లయినా అంతే. గడప దగ్గర ఎవరొచ్చి ఏం అడిగినా ఇంటి పెద్ద జవాబు చెప్తాడు. జనాభా లెక్కలవాళ్ళొచ్చినా, దోమల మందు కొట్టేవాళ్ళొచ్చినా, ఓట్లవాళ్ళొచ్చినా నాయనే. అందరి వయసులూ ఆయనే చెప్తాడు. ఒకసారి వదిన వయసు నాలుగేళ్ళు ఎక్కువ చెప్తే, ఆమె లోపల కండెలు చుట్టుకుంటూ నవ్వుకుంది తప్ప బయటికొచ్చి దిద్దలేదు. అమ్మ ఉన్న రోజుల్లోనూ అంతే. ఇది పెత్తనం అని ఎవరూ అనుకోరు. ఇంటి తరఫున ఒక గొంతు పలకాలి, అది పెద్దగొంతు అయితే బాగుంటుంది, అంతే. నాయనది నిజంగానే పెద్దగొంతు. ఫోనులో మాట్లాడితే స్పీకరు పెట్టి మాట్లాడతాడు. మా బంధువుల గొడవలన్నీ వీధి వీధంతటికీ తెలుసు.

పరీక్షలు అయిపోయాయి, యాప్‌ను జనంలోకి వదిలాను. ఇంటి ఫోనులో నాయన చివరిసారి ఒత్తిన ‘సరే’ అలాగే నిలిచిపోయింది. కొన్నాళ్ళు గుంతకల్లు బట్టల షాపులవీ, ట్రాక్టర్లవీ ప్రకటనలు వచ్చాయి. నాకు వాటిని పట్టించుకునే తీరిక లేదు.

ఒక మధ్యాహ్నం టీ తాగుతూ కూర్చున్నాం. అన్న షాపుకెళ్ళాడు. వదిన గుంటమగ్గంలో కాళ్ళు పెట్టుకుని, టీ పక్కన పెట్టి, నేస్తూనే ఉంది. ఆర్డరు చీర, తొందరపెడుతున్నారు. నాయన గూట్లోంచి ఫోను తీసి పట్టు రేటు చూద్దామని యాప్ తెరిచాడు. తెరిచి, ఫోనును దూరంగా పట్టుకుని, కళ్ళు చిట్లించి, అడుగున చెవి బొమ్మ పక్కనున్న ప్రకటనను ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పెద్దగా చదివాడు.

“మీకు... వినికిడి... తగ్గిందా? చిన్న మిషను... చెవిలో ఎవరికీ కనపడదు...” చదివి నా వైపు తిరిగాడు. “ఏమ్మే! నీ యాప్ నాకు చెవుడంటాది! నేను నీకు చెవిటోని మాదిరి కనపడతాండానా?” అని పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను.

మగ్గం చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూస్తే వదిన, అటూ ఇటూ విసిరే నాడె చేతిలో పట్టుకుని కొయ్యబారి కూర్చుంది. నేను చూస్తున్నానని తెలిసి తలవంచుకుని తెగని దారాన్ని ముడేస్తున్నట్టు నటించింది.

ఆ ప్రకటన ఊరికే రాదని ఈ ఇంట్లో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆ ఫోనులో ఎవరో చెవి గురించి వెతికారు, ఒకసారి కాదు, పదేపదే వెతికారు. నాయనకు టైపు చెయ్యడం రాదు. మిగిలింది ఒక్క మనిషే. అప్పటిదాకా వేరువేరుగా ఉన్నవన్నీ ఒకచోటికి చేరాయి. ఎడమపక్క నుంచి పిలిస్తే వదిన పలకదు. నేను పరధ్యానం అనుకునేదాన్ని. ఫోను ఎప్పుడూ కుడిచెవికే ఆనించుకుంటుంది, ఎడమచేతిలో ఉన్నా మార్చుకుని మరీ.

సాయంత్రం వదిన మిద్దె మీద ఆరేసిన బట్టలు తీస్తుంటే నేనూ వెళ్ళాను. ఆమెకు కుడిపక్కన నిలబడ్డాను. అది చూడగానే ఆమెకు అర్థమైపోయింది.

“నీ యాప్ నన్ను పట్టిచ్చింది పాపా,” అంది.

పెళ్ళయి వచ్చిన కొత్తలోనే కొంచెం తగ్గిందట. ఇప్పుడు ఎడమచెవిలో ఏమీ లేదట. పక్క సందులో మరమగ్గాల రొద వల్లో, మా మగ్గం చప్పుడు వల్లో, వాళ్ళ వంశంలోనే ఉందో, ఆమెకు తెలియదు. అదే తెలుసుకుందామని మధ్యాహ్నాలు నాయన కునుకు తీసేటప్పుడు ఫోను తీసి వీడియోలు చూసేదట, చప్పుడు పూర్తిగా తగ్గించి, కింద అక్షరాలు చదువుకుంటూ.

“అన్నకు చెప్పలేదా?” అన్నాను.

“ఎవరికీ చెప్పలేదు. మా అవ్వకు ఇట్లే వచ్చె. అప్పట్నుంచి ఊర్లో ఆమెకు పేరే లేకపాయె. చెవిటామె, చెవిటామె ఇల్లు, చెవిటామె మనమరాలు. నన్ను గూడా అట్లే పిలుస్తా ఉండ్రి చిన్నప్పుడు. ఆ మాట మళ్ళా నా మీదికి రావద్దు పాపా. ఈ చీర దించినాక అనంతపురం పోయి డాక్టరుకు చూపిచ్చుకొని, ఏమయ్యిందో తెలుసుకొని, అప్పుడు నేనే చెప్తా. నా నోటితో చెప్తా. నువ్వు గాని చెప్పితివంటే నీతో మాట్లాడను.”

చెప్పనని ఒట్టేశాను. తర్వాత అడక్కుండా ఉండలేక అడిగాను. “ఫోనులో ఆ పెట్టె వచ్చింది కదా వదినా, సరేనా వద్దా అని. నువ్వెందుకు వద్దనలేదు?”

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. “మామ ఒత్తినాడు గదా. నన్నెవరు అడిగిరి?”

బట్టలు మడతపెడుతూ కూర్చున్నాను. రెండు బటన్లూ ఒకే సైజు పెట్టానని మురిసిపోయిన తెలివి అంతా ఆ మిద్దె మీదే గాలికి పోయింది. కోపం వచ్చింది. నా మీద కొంచెం, కంపెనీ మీద ఎక్కువ, నాయన బొటనవేలి మీద ఇంకా ఎక్కువ.

ఆ రోజే కంపెనీకి రాశాను. మా ఊళ్ళలో ఒక ఫోనును ఇంట్లో నలుగురు వాడతారు, ఒకరు ఒప్పుకుంటే మిగతావాళ్ళ సంగతి ఏమిటి, వాళ్ళను కూడా అడిగే వీలు పెట్టండి అని. మర్యాదగా జవాబొచ్చింది. అనుమతి ఒక్కో ఫోనుకు ఒకటి అని, మీ సలహాకు ధన్యవాదాలు అని. ఫోనుకు అనుమతి ఏమిటి తల్లీ, ఫోనుకు చెవులున్నాయా, సిగ్గుందా?

నా చేతిలో ఉన్నది నేను చేశాను. నా యాప్‌లో ఒంటికి, ఆరోగ్యానికి సంబంధించిన ప్రకటనలు రాకుండా ఆపేశాను. ఇంటి ఫోనులో నాయన ఇచ్చిన ‘సరే’ చెరిపేసి ‘వద్దు’ పెట్టాను. అప్పుడు మనసు తేలికపడింది. అది రెండు రోజుల ముచ్చటే. ఎందుకంటే ఆ ఫోనులో నా యాప్ ఒక్కటే లేదు. వానలు చూసే యాప్ ఉంది, వీడియోలున్నాయి, నాయన పాటలు వినేది ఉంది. వాటన్నిట్లోనూ ఆయన బొటనవేలు ఎప్పుడో తన మర్యాద చూపించేసింది. చెవి బొమ్మ అక్కడినుంచి రావడం మొదలైంది.

నాయనకు అదొక ఆట అయిపోయింది. ఇంటికి ఎవరొచ్చినా ఫోను తీసి చూపించేవాడు. “చూడప్పా, ఈ ఫోను నన్ను చెవిటోని జేసింది! ఇంగ నాకు పెండ్లి సమ్మందాలు గూడా రావు!” అని తానే ముందు నవ్వేవాడు. పాలబ్బాయికి చూపించాడు, నూలు తెచ్చినతనికి చూపించాడు, ఎదురింటామెకు చూపించాడు. అందరూ నవ్వేవాళ్ళు. ఆ మాట వినపడిన ప్రతిసారీ వదిన మగ్గంలోకి ఇంకొంచెం వంగిపోయేది. నాకు పళ్ళు నూరుకోవడం తప్ప దారి లేదు. ఆపు నాయనా అంటే ఎందుకు అంటాడు. ఎందుకో చెప్తే ఒట్టు తప్పినట్టు. ఒకసారి విసుగొచ్చి, “చెవుడు ఉంటే మాత్రం ఏం తప్పు, నవ్వేదేముంది?” అన్నాను. ఆయన వెంటనే నవ్వు ఆపి, నన్ను వింతగా చూసి, లేచి బయటికెళ్ళిపోయాడు. అలిగాడనుకున్నాను.

ఆ ఆదివారం అన్న ఇంట్లోనే ఉన్నాడు. నాయన ఈడు నేతగాడొకాయన, వెనక వీధిలో ఉంటాడు, ఆయన వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మగ్గం గది తలుపు తెరిచే ఉంది. వదిన నేస్తోంది. నాయన ఎప్పటిలాగే ఫోను తీశాడు.

“చూడప్పా, నాకు చెవుడంట!”

ఆయన ఫోను చూసి, నవ్వి, “నిజమేనేమోలేప్పా. నిన్న సంత కాడ ఎన్ని తూర్లు పిలిచినా పలకకుండా పోతివే,” అన్నాడు.

“నువ్వు పిలిచింది నీకే యినపడి ఉండదు!” అని నాయన పెద్దగా నవ్వాడు. ఎప్పటికంటే పెద్దగా. ఆ నవ్వులో ఏదో గరగర ఉంది, నేను సరిగా పట్టించుకోలేదు. నా చూపంతా మగ్గం మీద ఉంది.

వదిన నాడె పక్కన పెట్టింది. గుంటలోంచి కాళ్ళు తీసి, లేచి, చీరకు అంటిన పోగులు దులుపుకుని గుమ్మం దాకా వచ్చింది. పరాయి మనిషి ఉన్నప్పుడు ఆమె అలా రావడం మేమెవ్వరం ఎప్పుడూ చూడలేదు.

“మామా, అది నీకొచ్చింది కాదు. నాకొచ్చింది,” అంది. “నా ఎడమ చెవి యినపడదు. శానా దినాలయ్యింది. మందుందేమో అని ఆ ఫోనులో నేనే వెతికితి. అందుకే అట్ల వస్తాండాది. ఇంగ అందరికీ చూపిచ్చద్దు మామా.”

వచ్చినాయన ఫోనును జాగ్రత్తగా, పగిలిపోతుందేమోనన్నట్టు అరుగు మీద పెట్టాడు. నాయన వదినను చూస్తూనే ఉన్నాడు. తిడతాడేమోనని నేను మధ్యలోకి వెళ్ళబోయాను.

“నీదా?” అన్నాడు చివరికి. ఆ పెద్దగొంతు ఎక్కడికి పోయిందో గాని, చాలా చిన్నగా అన్నాడు. “నేను నాదనుకొంటినే!”

ఎవరికీ అర్థం కాలేదు.

“నాకు కుడిపక్క సరిగా యినపడదు తల్లీ. ఎప్పట్నుంచో. స్పీకరు పెట్టుకొని మాట్లాడేది మరి ఎందుకనుకొంటిరి? ఎవురికీ తెలీదులే అని ఉంటిని. ఆ పొద్దు ఫోను తీస్తూనే చెవి బొమ్మ వచ్చె. దీనికి యాట్ల తెలిసెరా దేవుడా అని భయపడితి. మీరు కనుక్కొనే లోపల నేనే నవ్వులాట చేస్తే నమ్మరులే అనుకొంటి.” ఆగి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. “నా బాధ నేను పడ్తా ఉంటి గాని, నిన్ను పొడుస్తాండానని నాకేం తెలుసమ్మా.”

వదిన గుమ్మం పట్టుకుని ఏడ్చేసింది. నాకూ కళ్ళనీళ్ళు ఆగలేదు, చెప్పడానికి సిగ్గేముంది. అన్నకు మాత్రం కోపమొచ్చింది. “ఇంట్లో ఇద్దరు, ఇద్దరూ నాకు చెప్పకుంటిరి! నేనేమన్నా పరాయోన్నా?” అని అరిచాడు.

“అరచాకు, నాకు ఒగపక్క బాగానే యినపడతాది,” అంది వదిన ముక్కు చీదుకుంటూ. ముందు నవ్వింది నాయనే. ఈసారి మామూలు నవ్వు.

ఆ చీర దించాక ఇద్దరూ ఒకే బస్సులో అనంతపురం వెళ్ళారు, అన్న తీసుకెళ్ళాడు. డాక్టరు నాయనకు మిషను పెట్టుకోమన్నాడు. పెట్టుకుంటాడు, వీధిలోకి వెళ్ళేటప్పుడు తీసేస్తాడు, మళ్ళీ నేనూ ఆయనా తిట్టుకుంటాం. వదిన చెవికి ఇంకా పరీక్షలు జరుగుతున్నాయి. పూర్తిగా తిరిగి రాదని మాత్రం చెప్పారు. ఆమెను ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. పిలిస్తే నాయన ఊరుకోడు.

యాప్‌లో పెట్టెను నేను మళ్ళీ మార్చాను. కంపెనీవాళ్ళు మూడో బటన్ పెట్టుకోనివ్వరు గాని మాటలు రాసుకోనిస్తారు. ‘ఈ ఫోను ఇంట్లో ఇంకెవరైనా వాడుతుంటే, ముందు వాళ్ళను అడిగి జవాబు చెప్పండి’ అని ఒక వాక్యం చేర్చాను. ఎవరు చదువుతారులే అని నాకే నమ్మకం లేదు. ‘సరే’లు తగ్గాయి, దాంతో రాబడి కూడా తగ్గింది. తగ్గితే తగ్గనీ.

మొన్న ఆ మార్పు ఇంటి ఫోనుకు చేరింది. నేను గడపలో కూర్చుని బియ్యం ఏరుతున్నాను. నాయన అరుగు మీద యాప్ తెరిచాడు. మాటలు మారాయి కాబట్టి పెట్టె మళ్ళీ కొత్తగా వచ్చింది. బొటనవేలు అలవాటుగా పైకి లేచింది, మధ్యలో ఆగింది. కళ్ళు చిట్లించి చదివాడు. తర్వాత మగ్గం గదిలోకి చూసి, “ఒమ్మా,” అన్నాడు. వదినకు వినపడలేదు. మగ్గం ఆడుతోంది, ఆయన పిలిచింది ఎడమపక్క నుంచి.

రెండోసారి పిలవలేదు. లేచి, మోకాళ్ళు పట్టుకుని, మగ్గం చుట్టూ తిరిగి అటుపక్కకు వెళ్ళి, ఆమెకు కుడివైపున చతికిలబడ్డాడు. ఆయన ఎడమచెవి, ఆమె కుడిచెవి పక్కపక్కన ఉన్నాయి.

“ఇది అడుగుతాండాదమ్మా. ఏం చెప్పల్ల?” అన్నాడు.

ఆమె నాడె ఆపి, చేతులు తుడుచుకుని, మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఆయనకు వినపడేలా చదివింది.